తాడు పట్టే మనిషి

కృత్తిక కార్తెలో గంటసేపు గాలివాన కొడితే చాలు
సగం బెంగళూరు నా నెంబరు వెతుక్కుంటుంది.
కారు మీద కొమ్మ. కరెంటు తీగ మీద కొమ్మ.
హెచ్‌బీఆర్ లేఅవుట్ నుంచి ఒకాయన, గొంతు వణుకుతూ.
కొమ్మేమీ పడలేదట,
పడుతుందేమోనట.

తెల్లారి ఐదింటికి బయలుదేరతాం.
లగేజీ ఆటోలో రంపం, పెట్రోలు డబ్బా, రెండు తాళ్ళు,
ప్లాస్టిక్ కవర్లో పర్మిషను కాగితం.
అది లేకుండా రెమ్మ తుంచితే
ఎదురు మేడ మీంచి వీడియో తీస్తారు.
తీయాలి కూడా.

చౌడప్ప పైన. నేను కింద.
పెళ్ళయిన పద్నాలుగేళ్ళూ ఇదే ఏర్పాటు.
మాను మొదలుకి తాడు రెండు చుట్లు తిప్పుతాను,
మూడో చుట్టు నా నడుం.
కోసిన కొమ్మ ఊడిన క్షణం
తాడు కీచుమని బెరడును ఒరుసుకుని
కాలిన వాసన కొడుతుంది.
అప్పుడు మెల్లగా వదలాలి,
పసిబిడ్డను నీళ్ళతొట్టిలోకి దించినట్టు.
కింద ఎవరివో గులాబీ కుండీలుంటాయి.

రంపం మోతలో మాట వినపడదు.
ఒకసారి లాగితే, వదులు.
రెండుసార్లు లాగితే, ఆపు.
మూడుసార్లయితే తేనెతుట్టె, పరిగెత్తు.
ఇంట్లో మాకు ఇంత బాగా కుదరదు.
చీటీ డబ్బుల కాడ, ఆయన చెల్లెలి మాట కాడ
ఎవరు లాగారో ఎవరు వదిలారో తెలిసేలోపే
గిన్నెలు కింద పడతాయి.
మొన్న రాత్రి నిద్రలో ఆయన
దుప్పటి రెండుసార్లు లాగాడు.
ఆగాను.
ఏం ఆపాలో తెలియలేదు.

తెచ్చిందంతా కట్టె కాదు.
తురాయి ఉత్తి బెండు, ఊరికే ఇచ్చినా తీసుకోరు.
నిద్రగన్నేరు ఆర్నెల్లు ఎండినా పొగే.
చింత దొరికిందా, బిర్యానీ జబ్బార్‌కి ముందు ఫోను.
ఇందిరానగర్ పిజ్జా కుర్రాడికి మామిడే కావాలి,
జానెడు ముక్కలు, బెరడు తీసి,
సబ్బుబిళ్ళల్లా పేర్చి.
మల్లేశ్వరం పంకజమ్మగారు
ఇంట్లో రెండు గీజర్లు పెట్టుకుని
నెలకు నలభై కిలోలు రాగి బాయిలరుకు తీసుకుంటారు.
ఆ నీళ్ళు ఒంటికి అంటవంటారు.
శ్మశానానికి అమ్మొద్దనేవాడు మా మామ.
నేను అమ్ముతాను.
అక్కడ బేరమాడేవాళ్ళు తక్కువ,
ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గే.

మామ చెప్పిన ఇంకో మాట మాత్రం దాటలేదు.
పచ్చికట్టె తూకంలో నూటికి ముప్పై తీసెయ్,
నీళ్ళు అమ్ముకోవద్దు.
పక్క సౌదె డిపోవాడు రాత్రిళ్ళు పైపు పెట్టి తడుపుతాడు.
వాడు రెండో అంతస్తు లేపుతున్నాడు.

పోయిన బుధవారం కాక్స్ టౌనులో ఒక పాత బంగళా.
గేటు మీదికి వాలిన నిద్రగన్నేరు కొమ్మ.
సగం కోశాక పైనుంచి నిప్పురవ్వలు రాలాయి.
రంపం గొలుసుకి ఇంకో గొలుసు తగిలింది.
కొమ్మ మింగేసిన ఉయ్యాల గొలుసు,
చుట్టూ యాభై ఏళ్ళ చెక్క.
బయట రెండు లంకెలే మిగిలాయి.
పళ్ళన్నీ పోయాయి. పద్దెనిమిది వందలు.

దించేసరికి ఇంటాయన వచ్చి చూశాడు.
వంగి, చిటికెనవేలు లంకెలోకి దూర్చి
"మా అక్కది" అన్నాడు.
ఇంకేదో అంటాడని చౌడప్ప మెట్టు మీదే నిలబడ్డాడు.
ఆయన లోపలికి వెళ్ళాడు.
డబ్బు వాచ్‌మన్ తెచ్చి ఇచ్చాడు.
పద్దెనిమిది వందలూ బిల్లులో వేశాను, ఎందుకు దాచాలి.
అడక్కుండానే ఇచ్చారు.
అడిగుంటే తగ్గించేదాన్నేమో.

ఆ మొద్దు కొయ్యడానికి లేదు, పొయ్యిలోకి పోదు.
డిపో గుమ్మంలో వేసుకుని
దాని మీదే కూర్చుని లెక్క రాస్తున్నాను.
వానజల్లు పడ్డ రోజున
చీర వెనక అరచేయంత తుప్పు.
ఎన్నిసార్లు ఉతికినా
లంకె ఆకారం అలాగే ఉంది.