చెవి మస్తాను

ఆటోనగర్ మూడో రోడ్డులో
నన్ను చెవి మస్తాననేవాళ్లు.
స్క్రూడ్రైవర్ కొన ఇంజను మీద, పిడి కుడిచెవికి,
కళ్లు మూసుకుంటే చాలు
ఏ నాజిల్ ఉమ్ముతోందో, ఏది గుటకలేస్తోందో తెలిసిపోయేది.
ఇబ్రహీంపట్నం బూడిద లారీలు,
నూజివీడు మామిడి లోడ్లు
నా కణత మీదుగా వెళ్లినవే అన్నీ.

ఇప్పుడొచ్చే బండికి గొంతు లేదు.
బానెట్ ఎత్తితే నల్లటి మూత,
మూత కింద ఇంకో మూత.
స్టీరింగు కింద ఒక సాకెట్టు,
దానికి తీగ తగిలించి అడగాలట
ఏమ్మా, ఎక్కడ నొప్పి అని.

అడగడం నేర్పుతున్నవాడు ఏసుపాదం.
నాలుగేళ్ల కిందట నాజిల్ జారవిడిచాడని
వీడి వీపు మీద నా చెయ్యి పడింది.
ఆ చెయ్యే ఇప్పుడు తెర మీద తప్పుచోట పడితే
"మెల్లగా మేస్త్రీ, అది గ్రీజు కాదు, రుద్దక్కర్లా" అంటాడు.
నవ్వడు. నవ్వితే బావుండేది.

రాత్రి షట్టరు సగం దించాక
అరువుల పుస్తకం వెనకనుంచి తిప్పి రాసుకుంటాను:
పి సున్నా సున్నా ఎనిమిది ఏడు, రైల్లో ఒత్తిడి తక్కువ.
రైలంటే నాకు కృష్ణ బ్రిడ్జి మీద కూతే.
ఇది వేరే రైలు, బొటనవేలంత గొట్టం.
పుస్తకానికి ముందునుంచి బాకీలు, వెనకనుంచి చదువు,
మధ్యలో ఎన్ని తెల్లకాయితాలు మిగిలాయో
లెక్కపెట్టలేదు.

ఒక మాట ఏసుపాదానికి చెప్పలేదు.
రెండేళ్లుగా నా కుడిచెవిలో
ఆపేవాడు లేని ఇంజనొకటి తిరుగుతోంది.
దాని వెనక ఇంకేదీ వినపడదు.
స్క్రూడ్రైవర్ పెట్టుకుని, తలూపి,
పొగ రంగు చూసి, డ్రైవరు మొహం చూసి చెబుతున్నాను.
చాలాసార్లు నిజమైంది.
గన్నవరం లారీది కాలేదు.
ఆ కుర్రాడు రెండోసారి పంపు విప్పించుకున్న డబ్బు
ఇంకా నా బీరువాలోనే ఉంది.

తీగ తగిలించి, అంకె పడేదాకా
చేతులు కట్టుకుని నిలబడితే
పాపం మస్తాను అనుకుంటుంది రోడ్డంతా.
అనుకోనీ.

నిన్న బెంజ్ సర్కిల్ దగ్గర
నల్లపొగ కక్కుతూ వణుకుతున్న టిప్పరుకి
నేనే తగిలించాను, నేనే చదివాను.
వెనక్కి తిరిగేసరికి
నా స్క్రూడ్రైవర్ చెవికి ఆనించుకుని ఏసుపాదం,
కళ్లు గట్టిగా మూసుకుని ఏదో అడుగుతున్నాడు.
పెదాలు కదలడం కనపడింది.

ఎడమచెవి వాడివైపు తిప్పి
మళ్లీ అడగమన్నాను.