గంజి లెక్క

యాళిని మేడం మా ఇంటికొచ్చిన రోజు
అమ్మ ఆమెకు కుర్చీ వెయ్యలేదు.
వెయ్యడానికి లేదు.
ఇస్త్రీ బల్ల మీద సగం జాగా చేసి కూర్చోమంది.

సైదాపేట, బట్టల రేవు వెనక మూడో సందు.
నేను ఆమె ఆఫీసులో కంప్యూటర్ మీద ప్లాన్లు గీసేదాన్ని.
అమ్మకి అరవం బాగానే వచ్చు,
అయినా గంజి గురించయితే
తెలుగులోనే చెబుతానంది.

"తడిబట్టని నాలుగు మూలలా కట్టి వేలాడదీస్తే
తన బరువుకి తానే ఒక వంపు వెతుక్కుంటుంది కదమ్మా,
ఆరాక కూడా ఆ వంపు చెదరకుండా ఉండాలంటే
గంజి ఎంత చిక్కగా ఉండాలి?"

అమ్మ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది.
ముప్పయ్యేళ్ళుగా అందరూ
మరకల గురించి అడిగినవాళ్ళే.

"పాత బియ్యం. చిటికెడు పటిక.
ఆడి గాలికి ఒక లెక్క, చిత్తిరై ఎండకి ఒక లెక్క.
వేలు ముంచితే గోరు కనబడకూడదు."
నేను ఫైల్లో ఎక్కించాను:
చిక్కదనం, గోరు కనబడనంత.

మా డాబా మీద ఒక చేతిరుమాలు
రాత్రంతా తలకిందులుగా వేలాడి
తెల్లారి తిరగేస్తే
గొడుగులా నిలబడింది.
దాని మీద గ్లాసు పెట్టాం. నీళ్ళు పోశాం.
మేడం చిన్నపిల్లలా అరిచింది.
వేలాడేటప్పుడు ఎటు లాగిందో
నిలబడ్డాక అటే మోస్తుందట.
ఆ మాట చెప్పడానికి కంప్యూటర్‌కి మూడు రాత్రులు పట్టింది,
అదీ ఫ్యాను తిప్పుకుంటూ.

కట్టాల్సింది వార్డు సభకి ఒక మందిరం.
స్తంభాలు లేవు, వేదిక లేదు.
నేల పళ్ళెంలా కొంచెం లోతు,
ఏ అంచున కూర్చుని మాట్లాడినా
అందరికీ ఒకేలా వినబడే కప్పు.
తాళ్ళ వల మీద పరచడానికి గుడ్డ కావాలంటే
ఎవరూ తిరిగి తీసుకెళ్ళని దుప్పట్లన్నీ
మూట విప్పి కుట్టింది అమ్మ.
వాటి మీదే సిమెంటు, రెండున్నర అంగుళాలు.

కౌన్సిలరు వచ్చి చుట్టూ చూశాడు.
"నేనెక్కడ నిలబడాలి?"
ఎక్కడైనా సార్, అంది మేడం.
ఆ జవాబు ఆయనకి నచ్చలేదు.
"తలైవర్ పటం ఎక్కడ తగిలిస్తారు?"
మేకు కొట్టి చూశారు. వంపు గోడ కదా,
పటం ముందుకు ఒరిగి
బావిలోకి తొంగిచూసే పిల్లాడిలా వేలాడింది.

అప్పుడే అవతలి అంచు నుంచి
ఎవరో ముసలమ్మ పక్కావిడతో గొణిగింది:
"ఈయనొచ్చినా కొళాయి రాలేదు, పోయినా రాదు."
గొణుగుడు కప్పంతా పాకి
సరిగ్గా ఆయన చెవి పక్కన దిగింది.
మా లెక్క తప్పలేదు.
బిల్లు మాత్రం ఐదు నెలలు ఆగింది.

చివరికి మందిరం ముందు
వేరే ఒక గోడ కట్టించారు,
తొమ్మిదంగుళాల ఇటుక, నిట్టనిలువు,
ఏమీ మొయ్యని గోడ.
దాని మీద శిలాఫలకం, పటం, పదమూడు పేర్లు.
మేడం పేరు ఆఖర్న, అదీ అక్షరం తప్పు.
ఆమె వారం రోజులు ఆఫీసుకి రాలేదు.
అమ్మ వెళ్ళి చూసొచ్చి, "మంచి గోడే,
పడమటెండ నేరుగా తగుల్తోంది," అని
మర్నాడే అక్కడినుంచి ఒక తాడు కట్టింది.

నిన్న సాయంత్రం సభ అయ్యాక
మేమిద్దరమే లోపల మిగిలాం.
అమ్మ తల పైకెత్తి అలాగే ఉండిపోయింది.
సిమెంటులో నేత దిగింది, పోగు పోగూ.
ఒక అతుకు. ఒక చిరుగు.
అక్కడక్కడా దారంతో కుట్టిన చాకలి గుర్తులు,
మూడు చుక్కలు, ఒక అడ్డగీత.

ఏదో పెద్దమాట అంటుందని ఎదురుచూశాను.
"ఇది డాక్టరమ్మగారి దుప్పటే," అంది,
"రెండేళ్ళయింది.
రేపు వచ్చి అడిగితే
ఏం చెప్పనే?"