ఏడో గుడ్డు

తపస్సు కాలం మూడో వారం.
డొనెగాల్ తీరాన రెండో తరగతి గదిలో
పొదిగే పెట్టె, ఏడు గుడ్లు.
గంట కొట్టినా ఎవరూ కదలరు.

ఆరు పగిలాయి,
తడి దూది ముద్దలు, ఒకటే గోల.
ఏడోది ఉలకలేదు.

డెర్వ్లా టీచర్ చెత్తబుట్ట వైపు చూసింది.
పిల్లలు టీచర్ వైపు చూశారు.

బూట్ల పెట్టెలో
కేకుల అమ్మకంలో మిగిలిన రుమాలు పరిచి
ఆటస్థలం వెనక ముళ్ళపొద కింద గుంట తీశారు.
సముద్రపు గాలికి ఫాదర్ కోలం గొడుగు తిరగబడింది.
ఆయన పుస్తకంలో దీనికి ప్రార్థన లేదు.

"పేరు పెట్టలేదు కదా ఫాదర్,
దేవుడు ఎలా పిలుస్తాడు?"
నూలా అడిగింది.

ఆయన ఇంకా గొడుగుతోనే కుస్తీ.
వంటావిడ బ్రీజ్ అందుకుంది:
"ట్యుక్ ట్యుక్ అని.
మా అమ్మ అలాగే పిలిచేది, అన్నీ వచ్చేవి."

వానలో
పంతొమ్మిది గొంతులు
ట్యుక్ ట్యుక్.