పాటు వేళకు

మా హ్యాంగరు గోడ మీద ఒక పటం,
పటం నిండా గుండుసూదులు.
ఎవరి సూది వారిది, ఎవరి పిచ్చి వారిది.
రొట్టెలు కాల్చే డుగాల్డ్‌ది నార్వే కొసన:
అర్ధరాత్రి సూర్యుడు వచ్చి
తన రెక్క మీద కూర్చోవాలట.
కోర్టు గుమాస్తా ఇన్నెస్‌ది సహారా.
పళ్ల డాక్టరు రోనా అట్లాంటిక్ దాటతానంటుంది,
పోయిన ఏడంతా పెర్త్ దాటలేదు.

ఊనా గాల్‌బ్రెయిత్ సూది మాత్రం
ఇక్కడికి జానెడు దూరంలో,
పడమటి సముద్రంలో, బర్రా దీవి ఇసుక మీద.
"ఇంతేనా?" అన్నారందరూ.
టీ చల్లారేదాకా నవ్వారు.
నేనూ నవ్వాను.

నేను పైలట్‌ని కాను.
బోల్టులు బిగిస్తాను, నూనె మారుస్తాను,
ఎగిరినవాళ్లు దిగేదాకా
ఏదో ఒక పని కల్పించుకుని బయటే తిరుగుతాను.

ఊనా పియానోలకు శ్రుతి సరిచేస్తుంది.
పంతొమ్మిదేళ్లప్పుడు ఆ దీవి బడికి
పడవ మీద వెళ్లిందట,
ఐదు గంటలూ బకెట్టు పట్టుకునే.
పియానో మూత తెరిచి, తీగ బిగిస్తూ,
కిటికీలోంచి చూసింది:
తడి ఇసుక మీంచి ఒక బుల్లి విమానం లేచింది.
వెనక రెండు చక్రాల గీతలు.
నీళ్లు మెల్లగా వచ్చి
ముందు ఒక గీత, తర్వాత రెండోది
తుడిచేశాయి.
"ఆ పూట ఒకే తీగని మూడుసార్లు తప్పుగా బిగించాను"
అంటుంది, తప్పు చేసినందుకు సంబరపడుతూ.

అక్కడ రన్‌వేని
రోజుకు రెండుసార్లు సముద్రం తీసేసుకుంటుంది.
పాటు వేళకు చేరాలి, పోటు రాకముందే లేవాలి.
టైము నిర్ణయించేది చంద్రుడు,
ఫిర్యాదు చెయ్యడానికి కౌంటరు లేదు.

మొదటిసారి మల్ దీవి మీద మబ్బు అడ్డుపడింది.
రెండోసారి గాలి.
మూడోసారి నేను.
మాగ్నెటో ఎందుకో నచ్చలేదు, తాళంచెవి ఇవ్వలేదు.
వారం పాటు మాట్లాడలేదు నాతో.
టీ ఇచ్చింది, చక్కెర లేకుండా.

జూలైలో ఒక మంగళవారం
పొద్దున్నే వెళ్లింది.
నేను బాగానే ఉన్న ఒక చక్రాన్ని విప్పి
మళ్లీ బిగించాను.

నడి సముద్రం మీద
ఇంజను అరస్వరం దిగిందట.
ముల్లు చూడకముందే చెవి చెప్పింది.
కింద నీళ్లు, పైన నీళ్లలాంటి మబ్బు,
కార్బురేటర్ గొంతులో మంచు.
వేడిగాలి మీట లాగింది.
ఇంజను ఇంకా దగ్గింది, ఊగిపోయింది,
అప్పుడు చెయ్యి తీసెయ్యాలనిపిస్తుంది ఎవరికైనా.
తియ్యలేదు.
"పాత పియానో అంతే,
బాగుపడే ముందు కాసేపు ఇంకా అన్యాయంగా మోగుతుంది."
ఇరవై లెక్కపెట్టేలోపు
శ్రుతిలోకి వచ్చింది.

గాలిసంచి నిండుగా ఉంది.
చక్రాల కింద ఆల్చిప్పలు
అప్పడాల్లా విరిగాయి.
దూరంగా గంపలతో చిప్పలేరుకునే ఇద్దరు
తలెత్తి చూసి, మళ్లీ వంగారు.
వాళ్లకది బస్సు.
ఆమె ఒక స్కోను తిన్నది, సగం కుక్కకి పెట్టింది.
నలభై నిమిషాలు.
అంతే. ఇంతకంటే ఏం జరగలేదు.
ఎంత అడిగినా ఇదే చెప్పింది,
చెప్పిన ప్రతిసారీ కుక్క రంగు మారింది.

సాయంత్రం నేను ఉప్పు కడిగాను,
తిట్టుకుంటూనే, రెండు గంటలు.
ఉప్పు రేకుని తింటుంది, కలలు దానికి తెలియవు.
చక్రం తొడుగులో ఇరుక్కున్న చిప్ప ఒకటి దొరికింది.
ఆమెకు చెప్పలేదు.
నా స్క్రూల డబ్బాలో ఉంది.

ఊనా సూది పీకి కాసేపు వేళ్ల మధ్య తిప్పింది,
ఎక్కడా గుచ్చలేదు,
కోటు మడతకు పెట్టుకుని వెళ్లిపోయింది.

వెళ్లేముందు అడిగాను:
వచ్చేటప్పుడు ఎలా మోగింది?
ఒక్క స్వరం కూనిరాగంగా పట్టి చూపించింది.
సంగీతం నాకు సున్నా.
అయినా తలూపాను.
ఇప్పుడు ఆ ఇంజను తిప్పినప్పుడల్లా
ముల్లు చూశాక కూడా
ఒక్క క్షణం ఆగి వింటాను.