ఉతకని గుడ్డ

పుస్తకంలో నీ పేరు లేదట, వెరోనికమ్మా.
ప్రసంగంలో ఫాదర్ గారు చెప్పాడు,
పద్దులోంచి నిన్ను కొట్టేసినట్టు.
లేకపోతేనేం.
మొందేగు నది ఒడ్డున వంగిన నడుముల్లో
ఎన్నింటికి పేర్లు రాసుంచారు గనక?

పన్నెండేళ్ళు నెత్తురాగని మనిషివి నువ్వేనని
మా అమ్మమ్మ నమ్మకం.
పన్నెండేళ్ళంటే ఎన్ని గుడ్డలో
ఇసకలో మోకాళ్ళు అరిగినదాన్ని, నాకు తెలుసు.
నెత్తురుకి చన్నీళ్ళే పొయ్యాలి,
వేణ్ణీళ్ళు తగిలితే మరక కాపురం పెడుతుంది.
ఇది నీకొకరు చెప్పక్కర్లేదు.
ఆయన అంగీ అంచు ముట్టుకుంటే చాలునని తోచిందంటే
బట్ట సంగతి ఎరిగినదానివి కాబట్టే.

వంతెన పక్క ఫోటోల బెల్మీరో మాత్రం
నువ్వు వాళ్ళ మనిషివంటాడు.
గుడ్డ మీద మొహం దింపిన మొదటిదానివట.
నీ పండగనాడు వాడి కొట్టు అద్దంలోనూ నీ బొమ్మే,
మా సబ్బుగంప మీదా నీ బొమ్మే.
ఆ పూట మాకు మాటల్లేవు.

ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు.
ఉతికేవాళ్ళ తల్లివి కదా,
ఆ ఒక్క గుడ్డ ఎందుకు ఉతకలేదు?

మొన్న జూలైలో
దండెం మీది కొయ్య క్లిప్పులు అరువడిగాడు బెల్మీరో.
ఇచ్చి ఊరుకోలేక వెనకే వెళ్ళాను.
ఎర్రదీపం. పుల్లటి వాసన.
పళ్ళెంలో మందునీళ్ళు, అడుగున తెల్లకాగితం.
"జాడించడం నీకు చేతనవును, దియొలిందా,
మెల్లగా ఊపు" అన్నాడు.

ఊపాను.
నలభై ఏళ్ళుగా నా చేతికింది నీళ్ళు
తీసుకుపోవడమే ఎరుగును:
సిరా, సారా, చనుబాలు, చివరి చెమట.
మొదటిసారి ఏదో తెచ్చాయి.
ముందు కనుబొమ్మ. ఇంకాసేపటికి
పైపెదవి మీద చిన్న గాటు.

రొట్టెలవాళ్ళ పిల్ల.
చలికాలంలో జ్వరమొచ్చి పోయింది.
వాళ్ళమ్మ అడిగిందట, పాత గాజుపలక వెతికి తీశాడు.

ఆ పిల్ల దుప్పట్లు ఉతికింది నేనే.
రెండు రేవులు మార్చి, బూడిదనీళ్ళలో నానేసి,
ఎండలో మూడుసార్లు తిరగేసి
మల్లెపువ్వులా మడిచి ఇచ్చాను.
వాళ్ళమ్మ వాసన చూసి
ఏమీ అనకుండా డబ్బులు లెక్కపెట్టింది.

కాగితాన్ని తాడుకి నేనే తగిలించాను.
అలవాటు కొద్దీ పిండబోతే
బెల్మీరో నా మణికట్టు పట్టుకున్నాడు.

క్లిప్పులు ఇంకా తిరిగివ్వలేదు.
నేనూ అడగలేదు.