ఎక్కడ నొస్తుందో చూపియ్యి

ఎనుమాముల మార్కెట్ ఎనుక జిన్నింగు మిల్లు షెడ్డు.
రాత్రి ఎనిమిదిన్నర.
మిషన్లు ఆగినా దూది గాలిల తిరుగుతనే ఉంటది,
నేను రాసిన అక్షరాల మీద వచ్చి కూసుంటది.
బోర్డంటే బోర్డు కాదు,
పాత ఇనుప తలుపు.

ముప్పై ఏండ్లు కరీమాబాద్ బడిల
ఆవు మీద పది వాక్యాలు రాపిచ్చిన చెయ్యి ఇది.
మొదటి రోజు అలవాటుగ ఆపిల్ బొమ్మ ఏసిన.
రామ్‌దులార్ లేసి నిలవడ్డడు:
"మేడం, నేను ఎత్తేది మిర్చి బస్తాలు."

నవ్వొచ్చింది. ఆ ఎంటనే సిగ్గయింది.
పుస్తకం సంచిల వెట్టిన.
తెల్లారి ఎంజీఎం దవాఖాన పొంటి నడిచి
గోడల మీదియన్ని కాయితం మీద ఎక్కిచ్చుకున్న:
ఓపీ, క్యాజువాలిటీ, ఎక్స్‌రే, బ్లడ్ బ్యాంకు,
నో ఎంట్రీ.
మార్చురీ ఒక్కటి ఇడిచిపెట్టిన.

"ఎనుక వైపు నీలం బోర్డు ఉంటది గదా,
దాని మీద ఏం రాసుంటది?"
అడిగింది పొడియం ఉంగి,
గోదారి అవతలి అడవి నుంచి
రెండు గిన్నెలతోని నడిచొచ్చిన మనిషి.
నేను నీళ్లు నమిలిన.
"ఆ గది నాకెరుకే మేడం," అన్నది,
"పేరే తెల్వదు."

రాసిన.
ఆమె పలకల సూసి రాసుకున్నది, తప్పు లేకుంట.

ఇంకో రోజు పెయిన్ అని రాసి, నొప్పి అన్న.
గుంజుతే ఏమనాలె? సలుపుతే?
కారం వడ్డ కండ్లకు ఏ మాట?
పోటు, తీపు, మంట, ఈడ్పు,
నా దగ్గర ఇన్ని ఉన్నయి,
ఇంగ్లీషుల అందరి కాళ్లకు ఒక్కటే సైజు చెప్పు.
"వేలు వెట్టి చూపియ్యుండ్రి,
హియర్ అనుండ్రి, సాలు."

ఇరవై రెండు వేళ్లు లేసినయి.
నడుము. మెడ. మోకాలు. మళ్ల నడుము.
పాఠం కోసమని
ఒక్కలు గూడ ఉత్తగ చూపియ్యలే.

అప్పుడే కరెంటు పోయింది.
చీకట్ల ఒకలెనుక ఒకలు
హియర్, హియర్ అనుకుంట ఉన్నరు,
నేను బంద్ చేయమనలే.

త్రినాథ్‌ది బలాంగీర్.
హన్మకొండల ఏడో అంతస్తు సెంట్రింగు పని.
మేస్త్రి కాయితం ఇచ్చి వేలిముద్ర అడిగితే
"వాట్ ఈజ్ దిస్?" అన్నడట,
సక్కగ, నేను నేర్పిన తీరుగనే.
మేస్త్రి కాయితాన్ని అటు తిప్పిండు, ఇటు తిప్పిండు.
"గదే నాకు గూడ సమజైత లేదురా,
ఆఫీసోళ్లు పంపిండ్రు."

నిన్న షెడ్డుకు ఒక కొత్త మనిషొచ్చిండు.
చెప్పులు ఇడువలే.
గోడకు ఆనుకొని ఎనుక కూసున్నడు,
ఎవలనో తోలుకపోను వచ్చినట్టు.
నేను పేరు అడగలే.
తొమ్మిదింటికి సూస్తే
నాలుగు మడతల కాయితం ఒకటి
మోకాలు మీద సాపు చేస్తున్నడు.