ఎడమ చెవి

కొత్తపేటలో చెవి డాక్టరు
రెండు కాళ్ళ ఇనప పుల్లని తన మోకాలికి కొట్టి
సామ్రాజ్యం ఎడమ చెవి దగ్గర పెట్టాడు.
ఆమె గోడమీద క్యాలెండరు చూస్తూ కూర్చుంది.
"మోగుతోందామ్మా?"
ఆమె అదీ వినలేదు.

పదేళ్ళయి ఉంటుందట.
స్పిన్నింగు మిల్లులో మర పక్కనే నిలబడిన చెవి
పోగు పోగుగా తెగిపోయిందట.
"గట్టిగా అరవకండి, దండగ.
దగ్గరికొచ్చి మామూలుగా చెప్పండి"
అన్నాడు నాతో, చీటీ రాస్తూ.

స్కూటరు మీద ఇద్దరం మాట్లాడుకోలేదు.
మూడు వంతెనల కింద నీళ్ళు నిలిచి ఉంటే
చీర కుచ్చెళ్ళు పైకి లాక్కుంది, అంతే.
నేను లెక్కలు వేసుకుంటున్నాను.
మిర్చి యార్డులో గుమాస్తాని,
ముప్పై ఏళ్ళలో ఒక్క టిక్కీ తేడా రాలేదు.
ఇది ఎక్కడ తప్పానా అని.

మా మంచంలో ఆమెది గోడ వైపు.
గోడకి తిరిగి, కుడి చెవి దిండులో పెట్టి పడుకుంటుంది.
ఎడమ చెవి పైకి.
నాకు దొరికిన చెవి అదే.

లైటు తీశాక ఆ చెవికి ఎన్ని చెప్పానో.
బావమరిదికి హామీ సంతకం పెట్టానని.
సేటు అందరి ముందూ తిడితే నవ్వి ఊరుకున్నానని.
కోల్డ్ స్టోరేజీ మెట్ల మీద గుండె పట్టేస్తే
ఎవరికీ కనపడకుండా అరగంట కూర్చున్నానని.
మొహానికి చెప్పలేనివి
వీపుకి చెప్పాను.

ఒకటి మాత్రం
తొమ్మిదేళ్ళుగా, ఏటా అదే తారీఖు రాత్రి.
పెద్దాసుపత్రిలో ఏడో నెల బిడ్డ పోయిన రోజు
వేలంపాట ఆలస్యమై రాలేకపోయానన్నది అబద్ధమని,
గేటు ఎదురుగా టీ కొట్లోనే ఉన్నానని,
రోడ్డు దాటడానికి కాళ్ళు రాలేదని.

ఆమె ఒక్కసారీ కదల్లేదు.
కదలకపోతే
క్షమించిందనుకున్నాను.
హాయిగా నిద్ర కూడా పట్టేది.

ఈ రాత్రి దిండ్లు మార్చింది ఆమే.
"నువ్వు గోడ వైపుకి పో" అని
వెల్లకిలా పడుకుంది.
కుడి చెవి దుద్దు తీసి కిటికీలో పెట్టింది,
అదేమైనా అడ్డమేమో అన్నట్టు.
"నీ ఊపిరి మెడకి తగిలేది.
దణ్ణం పెట్టుకుంటున్నావనుకున్నా.
ఏం చెప్పేవాడివో మళ్ళీ చెప్పు."

బావమరిది సంగతి తేలిగ్గానే వచ్చింది.
"తెలుసు. బ్యాంకోళ్ళు ఇంటికొచ్చారుగా."
సేటు సంగతికి ఏమీ అనలేదు.
విప్పడం మర్చిపోయిన నా చొక్కా గుండీ పట్టుకుంది.
ఆ తర్వాత దగ్గొచ్చింది.
మిరప ఘాటన్నాను.
ఆదివారం. యార్డు మొహమే చూడలేదు.

వినే చెవి దగ్గర
అవే మాటలు కాటా మీద వేరేగా తూగాయి.

టీ కొట్టు దాకా వచ్చి ఆగాను.
ఫ్యాను తిరుగుతూనే ఉంది.
చాలాసేపటికి
"టీ తాగావా?" అంది.
"రెండు."

"వార్డు బయట ఎవరి చెప్పుల చప్పుడైనా
నువ్వే అనుకున్నా, తెల్లవార్లూ.
అప్పుడు నాకు రెండు చెవులూ బాగా వినపడేవి."

ఇంకేమీ అనలేదు. నేనూ.
పొద్దున చూస్తే
గుండీ ఆమె గుప్పిట్లో ఉంది,
దారంతో సహా.